ఊరుమింగుడు తీగకు పెళ్ళి సంబంధం

పాదులకోట రాజ్యంలో కత్తికన్నా పందిరికే మర్యాద ఎక్కువ. ఆ కోటకు ఏడు ప్రాకారాలు. మొదటి ప్రాకారం నిండా బంగారు గంటల్లాంటి బీరపూలు, రెండోదాని నిండా చుక్కలు రాల్చినట్టు కాకరపూలు, మూడోదాని మీద ఊదారంగు చిక్కుడు గుత్తులు, నాలుగోదాని మీద పొట్లపాదులు. పొట్లకాయ వంకర తిరగకుండా చివర రాయి కట్టి వేలాడదీస్తారు కదా! ఒకసారి శత్రురాజు దండెత్తి వచ్చి నిచ్చెనలు వేస్తే, గాలికి ఊగిన ఆ రాళ్ళు తగిలి సగం సైన్యం నెత్తి బొప్పి కట్టి ఇంటిదారి పట్టింది. మిగతా మూడు ప్రాకారాల సంగతి చెబుతూ కూర్చుంటే పొయ్యి మీద ఎసరు గుర్తొస్తుంది గనుక, అసలు విషయానికి వద్దాం.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఏ తీగైనా సరే, తొలిసారి పందిరెక్కిన రోజున ముత్తయిదువులు దాని మొదలుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, "నువ్వు మా ఇంటి ఆడపడుచువి" అంటారు. ఆ మాట అన్నాక, అది కాయ కాసేదాకా దానికి కత్తి తగలకూడదు. కొడవలి తగలకూడదు. చిగురు గిల్లకూడదు. రాజుగారైనా సరే, ఆయనగారి ఏనుగైనా సరే.

అంత ముచ్చటైన ఆచారమే ఇప్పుడు రాజుగారి పీకల మీదికి తెచ్చింది.

రెండేళ్ళ కిందట గడ్డం వేలాడేసుకున్న ముసలివాడొకడు విత్తనాలమ్మేవాడిలా వచ్చాడు. "మహారాజా! ఈ విత్తనం వేశారంటే పట్టుదుప్పటి లాంటి ఆకు, పన్నీరు లాంటి నీడ" అన్నాడు. గజోదర మహారాజుకు మధ్యాహ్నం దప్పళంతో భోంచేసి, నడిముంగిట్లో ఉయ్యాల మంచం మీద పడుకోవడం కన్నా ముఖ్యమైన రాచకార్యం లేదు. నీడ అనే మాట వినగానే ఆయన కళ్ళు అరమూతలు పడ్డాయి. ఊళ్ళో పందిళ్ళు వేసే పైడన్నను పిలిపించారు. పైడన్న పద్దెనిమిది వెదురు రాటలతో, ఒక్క మేకు లేకుండా, నారతో ముడులు వేసి బ్రహ్మాండమైన పందిరి నిలబెట్టాడు. తీగ పందిరెక్కింది. ముత్తయిదువులు బొట్టు పెట్టారు. అయిపోయింది.

మొదట ఆకు అరచేతంత ఉండేది. పదిరోజుల్లో చేటంత అయింది. నెలకు చాపంత అయింది. పందిరి చాలక ప్రాకారాల మీదికి పాకింది. దాని కింద పడిన బీరపాదు వెలుతురు కోసం మెడ చాచి చాచి పాలిపోయింది. కాకర ఊపిరాడక ముడుచుకుపోయింది. చిక్కుడు చివరిదాకా పోట్లాడి, నాలుగు కాయలు నేలకు రాల్చి కన్నుమూసింది. ఇంతా చేసి ఆ తీగకు పువ్వు లేదు, కాయ లేదు! కాయ కాయదు గనుక కొయ్యడానికి లేదు. ఎండాకాలం ఆకంతా రాలి ఎండుతాడులా అయితే, "హమ్మయ్య, చచ్చింది" అని ఊరంతా పాయసం వండుకున్నారు. తొలకరి చినుకు పడీ పడకముందే అదే వేరు నుంచి నూట పదహారు తలలతో లేచింది. పాయసం గిన్నెలతో సహా కప్పేసింది. అప్పటినుంచి దాన్ని ఊరుమింగుడు తీగ అంటున్నారు.

మొన్న రాజుగారు దప్పళం తిని పడుకుని లేచేసరికి అది ఆయన్ను బొడ్డుదాకా చుట్టింది. నిన్న గుండెదాకా. ఈ పూట గడ్డం కింద కుచ్చిళ్ళు పెడుతోంది.

"అమ్మడూ, ముక్కు మీద ఏదో పాకుతోందే!" అన్నాడు రాజు.

"ఆకు నాన్నగారూ. కదలకండి" అంది రాకుమారి కనకాంబరి. ఆ పిల్ల తెల్లవారింది మొదలు తండ్రి తల దగ్గర నిలబడి ఒక్కో ఆకునూ చేత్తో పక్కకు నెడుతోంది. నెట్టినవి నెట్టినట్టే తిరిగి వస్తున్నాయి.

"కదలడానికి నాకు మిగిలిందేమిటే?"

"నోరు మిగిలింది. దాన్నైనా కాస్త కట్టుకోండి."

"నోరు కట్టుకుంటే దప్పళం ఎలా తినను?"

సేనాపతి ఉండబట్టలేక కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. కత్తి తీగకు తగలగానే ఉడికిన పొట్లకాయలా మెత్తబడి, పిడి నుంచి కిందికి వేలాడింది. సేనాపతి దాన్ని భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అంతలో వంటింటి పొగలోంచి ఒక భయంకరమైన మొహం పైకి లేచింది. కళ్ళు నిప్పుకణికలు, ముక్కు గునపం, గడ్డం చీపురుకట్ట. విత్తనాలు ఇచ్చిన ముసలివాడే! ముళ్ళకొండ గుహలో ఉండే ఝంఝాటకుడనే మాంత్రికుడు.

"హుహ్హుహ్హూ! గజోదరా! మూడేళ్ళ కిందట నేను ప్రేమగా పెంచి తెచ్చిన సొరకాయను చేదని నిండు కొలువులో ఉమ్మేశావు, గుర్తుందా? రేపు పొద్దు గుంకేసరికి నా తీగ నీ ముక్కు మూస్తుంది. సింహాసనం నాది! మీ ఆచారమే నా మంత్రం. ఆ ఆచారం ఎంత చెబితే నా తీగ అంత వింటుంది. ఆడపడుచు మీద కత్తి ఎత్తండి చూద్దాం! హుహ్హు... కహ్ కహ్... ఈ పొగేమిట్రా బాబూ..." అని దగ్గుకుంటూ మొహం కరిగిపోయింది.

"చేదే మరి. ఉమ్మక మింగుతానా?" అన్నాడు రాజు.

పైడన్న పందిరి రాటకు ఆనుకుని తల దించుకుని ఉన్నాడు. పందిరి వేసింది తనే గనుక రెండు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. ఆస్థాన పురోహితుడు గోవిందభొట్లు పక్కనే కూర్చుని తాళపత్రాలు తిరగేస్తున్నాడు. పైడన్న ఉన్నట్టుండి తలెత్తాడు.

"భొట్లుగారూ, ఆడపడుచు మీద కత్తి ఎత్తకూడదు, సరే. పెళ్ళయ్యాక ఆడపడుచు పుట్టింట్లోనే ఉంటుందాండీ?"

"ఎందుకుంటుందిరా? అత్తారింటికి పోతుంది. అయితే మన తీగలకు పూత రాగానే పందిరి రాటతోనే పెళ్ళి చేస్తాం కదా. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే."

"దీనికి చేశారా?"

"పూతే రాలేదు, పెళ్ళేమిట్రా?"

"పూత వచ్చాకే చెయ్యాలని ఆ ఆకుల్లో ఉందా?"

భొట్లుగారు ముందుకు తిరగేశారు. వెనక్కి తిరగేశారు. తలకిందులుగా పట్టుకుని చూశారు. "లేదు!" అన్నారు.

"రాటకే ఇవ్వాలని ఉందా?"

"పెళ్ళి కానివాడై, పాదు పెట్టుకునేంత చోటు ఉన్నవాడైతే చాలని ఉంది."

"మా అమ్మ ఇల్లు మారినప్పుడు దొండపాదును కొయ్యలేదండి. చేతులతో మన్ను తవ్వి, వేరు దెబ్బ తినకుండా గంపలో పెట్టి, పైన చీర కప్పి, ఆడపిల్లను సాగనంపినట్టు కొత్తింటికి మోసుకుపోయింది. ఏటేటా అక్కడే చిగురిస్తోంది. పాత ఇంట్లో మళ్ళీ ఒక్క ఆకు లేవలేదు."

కనకాంబరి కళ్ళు మిలమిలా మెరిశాయి. "అయితే వరుడు కూడా ఉన్నాడు. విత్తనం తెచ్చిన మహానుభావుడే! పెళ్ళి కాలేదు, కొండంత చోటుంది."

"అమ్మాయీ, ఒక్క మాట" అన్నారు భొట్లుగారు. "సంబంధం చెప్పేవాడు ఒక్క అబద్ధమాడినా ఆ పెళ్ళి చెల్లదు. పెళ్ళి చెల్లకపోతే తీగ కదలదు. తీగ కదలకపోతే..."

"నా ముక్కు!" అన్నాడు రాజు.

ముహూర్తం రేపటి గోధూళి వేళకు పెట్టారు. అంతకు మించి గడువు లేదు. పైడన్న మీసం గొరిగించుకున్నాడు. భొట్లుగారి పాత పట్టు కండువా కప్పుకుని, చంకలో పంచాంగం, చేతిలో గొడుగు, బుగ్గన తాంబూలం పెట్టేసరికి అచ్చం పెళ్ళి సంబంధాలు చెప్పేవాడిలా తయారయ్యాడు. ఎత్తు పందిళ్ళకు ముడులు వేసేటప్పుడు కట్టుకునే వెదురు కాళ్ళు కట్టుకుని, నిలువెత్తు ఆకుల మీదుగా కొంగలా అడుగులు వేసుకుంటూ ముళ్ళకొండ దారి పట్టాడు.

ఆ దారి చూడాలి! మామిడితోపు పచ్చటి కంబళి కప్పుకుని పడుకున్న ఏనుగుల మందలా ఉంది. గాలిగోపురం పచ్చ పాగా చుట్టింది. చెరుకుతోట ఉండవలసిన చోట ఆకుల సముద్రం అలలు అలలుగా లేస్తోంది. పిట్ట కూత లేదు. ఎక్కడో ఆకుల అడుగున ఒక తాటిచెట్టు కొస మాత్రం, మునిగిపోయేవాడి చెయ్యిలా పైకి కనిపిస్తోంది.

సగం దూరం పోయాక నులితీగ ఒకటి సర్రున వచ్చి ఎడమ వెదురుకాలును పట్టుకుంది. పైడన్న ముడి లాగి ఆ కాలు వదిలేసి, కుడి వెదురుకాలు మీద కుంటుతూ పరుగెత్తాడు. ఇంకో నులితీగ కుడికాలును పట్టుకుంది. దాన్నీ వదిలి, గొడుగు తెరిచి ఒక్క దూకు దూకాడు. గాలి అనుకూలించి ఆకుల మీదుగా జారుకుంటూ జారుకుంటూ, మాంత్రికుడి గుహ వాకిట్లో రెండుతలల రాక్షసుడి ఒళ్ళో పడ్డాడు.

"ఎవడ్రా నువ్వు?" అంది పెద్దతల.

"వీణ్ణి నమిలేద్దాం" అంది చిన్నతల.

 పైడన్న కండువా సర్దుకున్నాడు. "నమలండి బాబూ, నమలండి. నమిలాక మీకు పిల్లను వెతికేవాడు ఎవడో అది కూడా చూసుకోండి."

రెండు తలలూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"నాకు పులుపు వండే పిల్ల కావాలి" అంది పెద్దతల.

"ఛీ! తీపి వండే పిల్ల కావాలి" అంది చిన్నతల.

"ఒక్కటే కడుపు కదండీ, ఏది తింటే ఏమిటి?" అన్నాడు పైడన్న.

"కడుపు ఒక్కటైతే నాలుక ఒక్కటా? నాలుగొందల ఏళ్ళుగా వీడు బెల్లం గారెలు నా కడుపులో పోస్తున్నాడు!"

"నీ చింతకాయ పచ్చడికి నా పళ్ళు పులిసి చచ్చాయి!"

కుడిచెయ్యి పెద్దతలది, ఎడమచెయ్యి చిన్నతలది కాబోలు. ఛెళ్ళు ఛెళ్ళుమని ఒకదాన్ని ఒకటి వాయించుకోవడం మొదలుపెట్టాయి. పైడన్న మెల్లగా ఒళ్ళోంచి దిగి గుహలో దూరాడు.

లోపల ఝంఝాటకుడు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని గొట్టంతో ఊదుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. కొండను పిండి చేసే మంత్రం వచ్చు, ఏనుగును ఎలుకను చేసే మంత్రం వచ్చు, కుండెడు అన్నం మాడకుండా దించే మంత్రం మాత్రం ఏ గ్రంథంలోనూ దొరకలేదు పాపం. మూడొందల ఏళ్ళుగా మాడు చెక్కలే తింటున్నాడు.

"ఓరీ నరాధమా! ఎవడివి?"

"సంబంధం తెచ్చాను స్వామీ. పాదులకోట నుంచి."

మాంత్రికుడి చేతిలో గొట్టం జారింది. గడ్డం దువ్వుకున్నాడు. "పాదులకోటా! పిల్ల ఎక్కడిది?"

"రాజుగారి నడిముంగిట్లో పెరిగిన పిల్లండి. రాజుగారిని ఒక్క క్షణం వదిలి ఉండదు."

"ఓహో! అంటే..." మాంత్రికుడు మనసులో ఎవరిని అనుకున్నాడో అతని మొహంలోనే కనిపించింది. పైడన్న అవుననలేదు, కాదనలేదు. తాంబూలం మాత్రం గట్టిగా నమిలాడు.

"ముక్కు మూసుకుపోతుందని భయపడి పిల్లనిస్తున్నాడన్నమాట! పిల్ల పొడుగేనా?"

"మీరు ఊహించినదానికంటే పొడుగు."

"సన్నమా, లావా?"

"పైన సన్నం. కింద కాస్త దిట్టం."

"వంట?"

"వంటింట్లో ఆమె అడుగు పెట్టని మూల లేదు."

"గయ్యాళితనం?"

"ఈ రెండేళ్ళలో ఎవరినీ పల్లెత్తు మాట అనగా నేను వినలేదు."

"మరి పిల్లకు నేనంటే ఇష్టమేనా?"

పైడన్న ఇక్కడ కాస్త తడబడ్డాడు. ఒక్క అబద్ధం, అంతే సంగతులు. "స్వామీ, ఆ పిల్ల ఎవరిని చూసినా అల్లుకుపోతుంది. మిమ్మల్ని వదుల్తుందనుకోను" అన్నాడు.

ఝంఝాటకుడు సిగ్గుతో గడ్డంలో మొహం దాచుకున్నాడు. అంతలోనే అనుమానంగా తలెత్తాడు. "పెళ్ళికి మా అమ్మను పిలవాలంటావా?"

"అమ్మగారున్నారా?"

"మెల్లగా! సముద్రం అవతల ఉప్పుదీవిలో ఉంది. మంత్రాలన్నీ నేర్పింది ఆవిడే. ఒక్క అక్షరం తప్పితే ఇప్పటికీ చెవి మెలిపెడుతుంది. ఆవిడకు కబురు పెట్టకు. నేను ఇల్లరికమైనా వస్తాను గానీ ఆ దీవికి మాత్రం పోను."

తెల్లారి మధ్యాహ్నానికల్లా పైడన్న ఆకుల అడుగున పాక్కుంటూ తిరిగి వచ్చేసరికి, కనకాంబరి మోచేతుల దాకా మన్నుతో ఉంది. ఇనుము తగలకూడదు గనుక ఊరి ఆడవాళ్ళందరూ కర్రలతో, చేతులతో పాదు చుట్టూ తవ్వారు. లోపల వేరు చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఏనుగుపిల్లంత దుంప! పైడన్న తట్టల వెదురు చీల్చి, చాప పరిచినంత మేర పెళ్ళిగంప అల్లాడు. దుంపను అందులో కూర్చోబెట్టి, పసుపు రాసి, పట్టుచీర కప్పి, బాసికం కట్టారు. ఎదుట తెర పట్టారు. తీగ మాత్రం ఇంకా రాజుగారి మీదే ఉంది. ఆకులు పెదవులు దాటి ముక్కు మీదికి వచ్చేశాయి. కనకాంబరి బొప్పాయి ఆకు కాడ విరిచి, ఆ గొట్టం తండ్రి పళ్ళ మధ్య పెట్టింది. రాజు దాంట్లోంచే ఈలలు వేస్తూ ఊపిరి తీస్తున్నాడు.

పొద్దు వాలింది. పశువులు ఇంటికి మళ్ళాయి. రెక్కల గాడిద ఎక్కి, తలపాగాలో నెమలీక పెట్టి, ఝంఝాటకుడు ఆకాశంలోంచి దిగాడు.

"వెంటనే పీటల మీద కూర్చోండి బాబూ, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు భొట్లుగారు.

"తొందరేమిటయ్యా? పెళ్ళి ఒక్కసారే అవుతుంది. ముందు నా కాళ్ళు కడగండి."

కడిగారు.

"ఇంత చల్లటి నీళ్ళా? వేడినీళ్ళతో!"

వేడినీళ్ళతో కడిగారు. తెర అవతల ఒక ఆకు నెమ్మదిగా వంగి బొప్పాయి గొట్టం కొస మీద కూర్చుంది. రాజుగారి ఈల ఆగిపోయింది. మొహం వంకాయ రంగుకు తిరిగింది. కనకాంబరి ఆ ఆకును లాగింది. రెండోది వచ్చింది. దాన్ని లాగింది. మూడోది, నాలుగోది.

"ఇప్పుడొక మంగళహారతి పాట పాడండి" అన్నాడు పెళ్ళికొడుకు కాళ్ళు చాపుకుని.

"పాటలు ముళ్ళు పడ్డాక! ముందు జీలకర్రా బెల్లం!" అని కనకాంబరి తెర వెనకనుంచి ఒక్క అరుపు అరిచింది. ఆ గొంతులో ఏముందో గానీ మాంత్రికుడు ఉలిక్కిపడి, తెర పైనుంచి చెయ్యి చాపి జీలకర్రా బెల్లం పెట్టేశాడు.

"తల ఇంత గరుగ్గా ఉందేమిటి?"

"పొద్దుటే మన్నులోంచి లేచిందండి. నలుగు సరిగా వదల్లేదు" అన్నాడు గంప పక్కన కూర్చున్న పైడన్న.

పాదులకోటలో మూడు ముళ్ళూ పడ్డాకే తెర దించుతారు. మాంత్రికుడు రెండు చేతులూ తెర అవతలికి పెట్టి తడుముకుంటూ మొదటి ముడి వేశాడు. తీగ ఒళ్ళు ఝల్లుమంది. రాజుగారి ముక్కు మీదా మూతి మీదా ఉన్న ఆకులు జారిపోయాయి. ఆయన ఒక్కసారిగా గాలి పీల్చిన చప్పుడుకు ముత్తయిదువుల చేతిలో హారతి ఆరిపోయింది.

రెండో ముడి. రాజుగారి గుండె మీది చుట్లు వదిలాయి.

మూడో ముడి. ఏడు ప్రాకారాల మీదా, మామిడితోపు మీదా, గాలిగోపురం మీదా, ఊరి పొడుగునా ఆకులన్నీ గలగలలాడి, పరిచిన చాపను చుట్టినట్టు వెనక్కి చుట్టుకుంటూ వచ్చాయి. రెండేళ్ళ తర్వాత పాదులకోట నేల మీద ఎండ పడింది. తీగంతా గంప చుట్టూ జడలా చుట్ట చుట్టుకుంది.

"దప్పళం అయిందా?" అన్నారు రాజుగారు, మొదటి మాటగా.

తెర దించారు.

ఝంఝాటకుడు పెళ్ళికూతుర్ని చూశాడు. పెళ్ళికూతురు పట్టుచీర పక్కకు తోసింది. దుంప మీద బాసికం. దుంప మెడలో తాళి.

"ఇదేమిటి! ఇది నా తీగ!"

"ఇప్పుడు నిజంగా మీదేనండి" అన్నాడు పైడన్న. "పెళ్ళయింది. ఆడపడుచు వేరుతో సహా మీది. మీరే అన్నారు గదండీ, ఆచారం ఎంత చెబితే తీగ అంత వింటుందని."

మాంత్రికుడు కర్ర ఎత్తి ఘోరమైన మంత్రం అందుకున్నాడు. సగంలో ఉండగానే భార్య ప్రేమగా ఒక ఆకు అతని నోటి మీద పెట్టింది. ఇంకో తీగ నడుం చుట్టింది. ఇంకోటి రెండు కాళ్ళూ చుట్టింది. గాడిద ఈ సంసారం చూసి రెక్కలు విప్పి పారిపోయింది.

ఊరంతా ఈలలు, చప్పట్లు. ఏనుగుపిల్లంత దుంప వేళ్ళనే కాళ్ళు చేసుకుని గంపలోంచి దిగింది. మొగుణ్ణి చంకన పెట్టుకుని ముందుకు నడిచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది. ఒక సన్నటి నులితీగ వచ్చి పైడన్న భుజం తట్టింది.

"ఏమిటండీ ఇది?" అన్నాడు పైడన్న.

గోవిందభొట్లు తాళపత్రం తీసి, చదివి, మళ్ళీ చదివి, చెమట తుడుచుకున్నారు. "ఒరే పైడా, ఆడపిల్లను ఒంటరిగా పంపం కదరా. గంప పక్కన అన్న స్థానంలో కూర్చున్నవాడు తోడు వెళ్ళాలి. పదహారు రోజుల పండగ అయ్యేదాకా అక్కడే ఉండాలి."

"ముందే చెప్పలేదేమండీ!"

"అడగలేదు కదరా!"

ఆ మాట పూర్తయ్యేలోపే నులితీగ పైడన్న నడుం చుట్టి, ఎత్తి, పెళ్ళికొడుకు పక్కనే కూర్చోబెట్టింది. "అమ్మాయిగారూ! నా వెదురు కాళ్ళు దారిలో ఉన్నాయి, తెప్పించి ఉంచండి!" అని అరిచాడు పాపం. అంత కష్టంలోనూ పనిముట్ల మీదే ధ్యాస.

"పదహారు రోజులే కదా, ముళ్ళకొండ ఎంతో దూరం లేదులే" అని ఊరివాళ్ళు ఓదార్చారు. కానీ తీగ కోట గుమ్మం దాటి ముళ్ళకొండ వైపు తిరగలేదు. తూర్పుకు తిరిగింది. సముద్రం వైపు.

ఝంఝాటకుడు నోటి మీది ఆకును ఎలాగో కొరికి పక్కకు తోశాడు. "అటు కాదే! మన ఇల్లు ఇటే! అటెక్కడికి?"

కొత్తకోడలు తొలి అడుగు పెట్టవలసింది అత్తగారి గడపలో. ఆచారం ఎంత చెబితే తీగ అంత వింటుంది.

"అమ్మో! అమ్మ దగ్గరికా! వద్దే! ఒరే సంబంధాలవాడా, నీకు పుణ్యముంటుంది, దీనికి చెప్పరా!" మూడొందల ఏళ్ళ మాంత్రికుడు పైడన్న మెడ కరుచుకుని బావురుమన్నాడు. ఆ ఏడుపు పొలాల మీదుగా దూరమై, దూరమై, ఎర్రటి ధూళిలో కలిసిపోయింది.

కనకాంబరి కదలకుండా చూస్తూ నిలబడింది. సముద్రం అవతలి ఉప్పుదీవి నుంచి తిరిగి వచ్చినవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. ఇంతలో వెనకనుంచి తండ్రి కిలకిలా నవ్వు వినిపించింది.

"అమ్మడూ, అరికాల్లో చక్కిలిగిలి పెడుతోందే!"

గబగబా వంగి చూసింది. దుంప తవ్విన గోతిలో, కర్ర తగిలి విరిగిన చిటికెనవేలంత వేరుముక్క మిగిలిపోయింది. దానికి అప్పుడే రెండాకులు వచ్చాయి. రాజుగారి బొటనవేలు వైపు చెయ్యి చాస్తోంది.

"పందిరెక్కిందా? ఎక్కిందా?" అని భొట్లుగారు గాభరాగా అడిగారు.

"ఇంకా లేదు. కాబట్టి ఇది ఇంకా మన ఆడపడుచు కాదు" అంటూ కనకాంబరి దాన్ని మన్నుతో సహా పెకలించి, ఒక చిన్న ముంతలో పెట్టింది. చుట్టూ పుల్ల గానీ, దారం గానీ, అల్లుకోవడానికి గడ్డిపోచ గానీ లేకుండా చూసింది. అప్పుడు ఆ మొలక మెల్లగా తల తిప్పింది. తల్లి వెళ్ళిన వైపు, తూర్పుకు. ముంతను ఎటు తిప్పినా మొలక మళ్ళీ తూర్పుకే తిరిగింది.

"నాన్నగారూ, మీరు భోంచెయ్యండి" అంటూ కనకాంబరి చీర బిగించి కట్టి గుర్రమెక్కింది. "పదహారో రోజుకల్లా మన పందిళ్ళ పైడన్నను తీసుకొస్తాను. ఈ పిల్ల దారి చూపిస్తుంది."

"నువ్వు భోంచేసి వెళ్ళు తల్లీ!" అని రాజుగారు అరుస్తూనే ఉన్నారు. గుర్రం అప్పటికే తూర్పు గుమ్మం దాటింది.

ఉప్పుగాలి మొహాన కొట్టే చోటికి వచ్చేసరికి, చంకలోని ముంతలోంచి ఏదో మెత్తగా చేతికి తగిలింది. మొలక ఆమె చిటికెనవేలు చుట్టూ ఒక చుట్టు చుట్టి, రెండో చుట్టుకు తయారవుతోంది. కనకాంబరి కళ్ళెం వదలకుండానే ఆ చుట్టు విప్పి, ఆకు మీద చిన్నగా ఒక్కటి వేసింది.

"వేలు పందిరి కాదు. గుర్తుంచుకో."

మొలక బుద్ధిగా తల వంచుకుంది. గుర్రం అయిదు అంగలు వేసిందో లేదో మళ్ళీ చెయ్యి చాచింది.